ఒకే నర్సరీ ఎర్రచందనం మొక్కలు: కొన్ని నడుమెత్తు, కొన్ని జానెడు. ఎందుకు?

ప్రశ్న: మాది బద్వేలు దగ్గర, లంకమల కొండల కింద పల్లె. రెండేళ్ల కిందట రెండెకరాల ఎర్రనేలలో ఎర్రచందనం నాటాను. అన్నీ ఒకే నర్సరీలో తెచ్చిన మొక్కలే. కొన్ని నడుమెత్తు వచ్చాయి, కొన్ని జానెడు దాటలేదు. ఎండాకాలంలో పైన మాడిపోయి, వానలు పడితే మళ్లీ మొదట్లో చిగురేస్తున్నాయి. వేపచెట్టు కింద పెట్టినవి మరీ గిడసబారాయి. పక్కన కంది వేస్తే మంచిదంటే అదీ వేశాను. అడవిలో ఎవరూ నీళ్లు పోయకుండానే పెరుగుతాయి కదా సార్, మా చేలో ఎందుకు రావు? ఏ మందు కొట్టాలి?
– ఓ రైతు, కడప జిల్లా

జవాబు: మందు డబ్బులు మిగుల్చుకోండి. మీరు రాసినదాంట్లో తెగులు లక్షణం ఒక్కటీ లేదు.

ముందు అడవి మాట. అక్కడ మీకు కనిపించేవి బతికి బట్టకట్టినవే. చచ్చినవాటి లెక్క ఎవరికీ కనబడదు. కాయలు రాలి, తొలకరికి మొలిచిన వాటిలో చాలావరకు మరుసటి ఎండాకాలం దాటవు. దుప్పులు కొరికేవి కొన్ని, నిప్పుకు కాలేవి కొన్ని, బోదగడ్డిలో చిక్కి నీళ్లందక పోయేవి కొన్ని. తల్లిచెట్టు కిందే పడినవాటికి ఇంకో గండం: ఆ జాతినే తినే పురుగులు, బూజులు అక్కడ ముందే కాపు కాసి ఉంటాయి. ఉష్ణమండల అడవుల గురించి ఈ మాట 1970లో జాన్జెన్, 1971లో కానెల్ అనే శాస్త్రవేత్తలు విడివిడిగా చెప్పారు. ఎర్రచందనం కాయకు చుట్టూ రెక్క ఉండేది గాలికి కొట్టుకుపోయి తల్లికి దూరంగా పడటానికే.

కేరళ వైపు పచ్చని అడవుల్లో మొక్కకు కరువు వెలుతురుది. దట్టమైన చోట నేలదాకా దిగేది నూటికి ఒకటి రెండు పాళ్లే. ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయి, ఏ పెద్ద చెట్టో కూలి ఎండ పడితే అప్పుడు లేస్తుంది. మన లంకమల అలా కాదు. ఆకు రాల్చే అడవి, ఏడాదికి 700 మిల్లీమీటర్లు అటూ ఇటూగా వాన, రాళ్ల నేల. ఇక్కడ కరువు నీళ్లది. అందుకే ఇక్కడి మొక్కలు చాలావరకు ముందు వేరు మీద పెట్టుబడి పెడతాయి. ఎండలకు పైకొమ్మ మాడినా వేరులో దాచుకున్నదాంతో మళ్లీ చిగురిస్తాయి. మాడిన మొక్క మొదట్లో బెరడును గోటితో గీకి చూడండి. లోపల పచ్చగా ఉంటే బతికే ఉంది, పీకేయొద్దు. వానలకు నాలుగైదు చిగుళ్లు వస్తే, జానెడు కాగానే బలంగా, నిటారుగా ఉన్నదొకటి ఉంచి మిగతావి కోసేయండి.

ఇక అసలు అనుమానం. జానెడు దాటని మొక్కల్లో ఒకదాని పక్కన మోకాటి లోతు గుంత తీసి, మట్టి మెల్లగా దులిపి వేరు చూడండి. తల్లివేరు నిటారుగా దిగి, లావెక్కుతూ ఉంటే దిగుల్లేదు. అలా కాకుండా సంచి అడుగు ఆకారంలోనే పాము చుట్టలా చుట్టుకుని ఉంటే, ఆ మొక్క నర్సరీలో ఎక్కువ కాలం నిలవున్నదన్నమాట. ఎంత ఎరువు పోసినా దాని వేరు లోతుకు పోదు, ఏటా ఎండాకాలానికి మాడుతుంది. అలాంటివి తీసేసి వచ్చే తొలకరికి కొత్తవి నాటండి. మొక్క ఎత్తు చూసి కొంటాం గానీ, సంచి చించి వేరు చూసి కొనేవాళ్లు నాకైతే అరుదుగా తగులుతారు.

కంది సంగతి. అది శ్రీగంధానికి చెప్పే సలహా, ఎవరో మీకు ఎర్రచందనానికి చెప్పారు. పేర్లు దగ్గరగా ఉండటంతో ఈ పొరపాటు తరచూ జరుగుతుంది. శ్రీగంధం వేరు పక్క మొక్క వేరును పట్టుకుని నీళ్లు, పోషకాలు గుంజుకుంటుంది, దానికి తోడు మొక్క తప్పనిసరి. ఎర్రచందనం పప్పుజాతిది, వేరుబుడిపెలతో నత్రజని తనే సమకూర్చుకుంటుంది. పైగా కంది సరిగ్గా వానాకాలంలో, ఎర్రచందనం ఎదగాల్సిన నెలల్లోనే దానికి నీడ కప్పేస్తుంది. కంది బదులు వేరుశనగ వేసుకోండి, అదీ మొక్కకు మీటరు దూరం వదిలి.

ఆ మీటరులో గడ్డి మొలవనీయకండి. చిన్న మొక్కకు గడ్డి చేసే నష్టం మనం అనుకునేదానికన్నా చాలా ఎక్కువ, పైపైన పడిన తడంతా అదే తాగేస్తుంది. వాలుకు దిగువన అర్ధచంద్రం కట్ట వేసి వాననీరు ఆపండి, కానీ మొక్క మొదలు దగ్గర నిలవనీయొద్దు. నీరు నిలిస్తే ఎర్రచందనం ఓర్చుకోదు. నవంబరు, డిసెంబరు వానలు వెనక్కి తగ్గగానే ఎండుగడ్డో, వేరుశనగ పొట్టో పరిచి తడిని కాపాడండి. వేసవిలో రోజూ చెంబెడు పోయడం కన్నా రెండు మూడు వారాలకోసారి లోతుగా తడపడం మేలు. ఎరువంటే తొలకరికి తలా ఐదు కిలోల పశువుల ఎరువు చాలు. మేకలు రాకుండా కంచె ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే ముందు అది చూడండి.

వేప కింద మొక్కలకు రెండు దెబ్బలు, పైన నీడ, కింద వేళ్ల పోటీ. అవి ఇక లేవవు, ఆశ వదులుకోండి. శ్రీగంధం పెట్టాలనుంటే మాత్రం ఆ వేప చుట్టూ నాలుగు మొక్కలు పెట్టి చూడండి. దానికి వేప వేరు మంచి తోడు, చిన్నప్పుడు కాస్త నీడా ఓర్చుకుంటుంది.