టర్బో కారుకు కంపెనీ చెప్పిన మైలేజీ మన రోడ్ల మీద వస్తుందా?

శ్రీకాకుళం నుంచి విజయనగరం రోజూ తిరగడానికి హ్యుందాయ్ ఐ20 ఎన్ లైన్ లాంటి స్పోర్టీ టర్బో కారు కొంటే కంపెనీ చెప్పే లీటరుకు 20 కిలోమీటర్లు వస్తుందా అని అడిగారు. రాదు. ఊళ్లో 11, 12, హైవే మీద నెమ్మదిగా వెళితే 16, 17 అనుకుని లెక్క వేసుకోండి.

ఆ 20 ల్యాబ్‌లో రోలర్ల మీద కారు నడిపి తీసిన అంకె. అందులో ఏసీ వేయరు, వేగం 90 దాటదు. మే నెల ఉక్కలో ఏసీ లేకుండా మనం నడపగలమా?

అసలు తేడా మీ కుడికాలిలో ఉంది. ఇది 1 లీటరు ఇంజనే, కానీ 120 పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) శక్తి ఇస్తుంది. ఆ శక్తి టర్బో ఎక్కువ గాలిని లోపలికి నెట్టడం వల్ల వస్తుంది, ఆ గాలికి తగ్గట్టు పెట్రోలు కూడా పోయాలి. మెల్లగా తొక్కితే చిన్న ఇంజన్‌లా పొదుపు చేస్తుంది, గట్టిగా తొక్కితే పెద్ద ఇంజనంత తాగుతుంది. పైగా ఎన్‌హెచ్ 16 ఖాళీగా కనిపిస్తే కాలు ఆగదు. 80 నుంచి 110కి వెళితే గాలి నిరోధం దాదాపు రెట్టింపవుతుంది. శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లో, విజయనగరం కోట జంక్షన్‌లో ఆగి ఆగి కదలడం మరో దెబ్బ.

ఇప్పటి పెట్రోల్లో 20 శాతం దాకా ఇథనాల్ ఉంటుంది. దానిలో లీటరుకు శక్తి పెట్రోలు కంటే సుమారు మూడో వంతు తక్కువ, కాబట్టి అక్కడా కొంత పోతుంది.

మీటరులో కనిపించే సగటును నమ్మకండి. ఒకే బంకులో ఆటో కటాఫ్ దాకా ఫుల్ ట్యాంక్ కొట్టించి, ట్రిప్ మీటరు సున్నా చేసి, మళ్లీ ఫుల్ చేసినప్పుడు తిరిగిన కిలోమీటర్లను పోసిన లీటర్లతో భాగించండి.