వయొలిన్ పాఠాలు ఆన్‌లైన్‌లో: తొలి కోర్సు ఎందుకు నిలవలేదు?

ప్రశ్న: మాది విజయనగరం. ఎన్నో ఏళ్లుగా ఇంటి వద్ద వయొలిన్ నేర్పుతున్నాను. తొలి అభ్యాసాలైన సరళీ స్వరాల నుంచి చిన్న పాటలైన గీతాల వరకు పాఠాలన్నింటినీ వీడియోలుగా తీయించి, గత దసరాకు సొంత వెబ్‌సైట్‌లో 4,999 రూపాయల కోర్సుగా పెట్టాను. కొన్నవారు కొద్దిమందే. వారిలోనూ ఎక్కువమంది జంట స్వరాల దగ్గర ఆగిపోయారు, ఇద్దరు డబ్బు వెనక్కి అడుగుతున్నారు. లోపం ధరలో ఉందా, ప్రచారంలో ఉందా? ఇక మానుకోమంటారా? – ఒక పాఠకురాలు

జవాబు: మానుకోవద్దు. అయితే ప్రస్తుతానికి ప్రచారానికి మరొక్క రూపాయి కూడా ఖర్చు చేయవద్దు. మీ ఉత్తరంలో అసలు సంగతి ఎంతమంది కొన్నారన్నది కాదు, కొన్నవారు ఎక్కడ ఆగారన్నది. కొననివారి మనసులో ఏముందో మనం ఊహించుకోవలసిందే గాని, కొని ఆగిపోయినవారికి ఫోన్ చేసి అడగవచ్చు. ‘కోర్సు ఎలా ఉందండీ?’ అంటే మర్యాదకు బాగుందనే అంటారు. ‘చివరిసారి వయొలిన్ పెట్టె ఎప్పుడు తెరిచారు, ఆ రోజు చేయి ఎక్కడ ఆగింది?’ అని అడిగితే పనికివచ్చే జవాబు దొరుకుతుంది.

వారు చెప్పబోయేది కొంతవరకు ఊహించగలను. జంట స్వరాలలో ఒకే స్వరాన్ని వెంటవెంటనే రెండుసార్లు పలికిస్తూ రెండవదానికి ఒత్తు ఇవ్వాలి. తీగలపై లాగే కమాను మీద పట్టు లేనివారికి మొదటి గట్టి పరీక్ష అక్కడే ఎదురవుతుంది. పైగా తొలి పాఠాలు నేర్పే మాయామాళవగౌళ రాగంలోని శుద్ధ రిషభం (రి) షడ్జమానికి (స) అతి దగ్గరగా ఉండటం వల్ల వేలు కాస్త జరిగినా అపస్వరం పలుకుతుంది. మీ పొరుగున ఉన్న బొబ్బిలిలో చేసే వీణకు మెట్లుంటాయి కనుక, వేలు సరిగ్గా పడకపోయినా స్వరం దారిదాపులలో పలుకుతుంది. వయొలిన్‌కు ఆ ఆసరా లేదు. మీ ఇంటికి వచ్చే పిల్లవాడి తప్పును మీరు విని, అక్కడికక్కడే మణికట్టు పట్టుకొని సరిదిద్దుతారు. వీడియో పాఠం చెప్పగలదు గాని విద్యార్థి వాయించేది వినలేదు. కనుక మీరు అమ్మవలసిన సరుకు వీడియోలు కాదు, మీ చెవి.

ఇప్పుడున్న వీడియోలను పారేయనవసరం లేదు. తాళాలకు కట్టిన స్వర అభ్యాసాలైన అలంకారాల వరకు మాత్రమే మొదటి భాగంగా విడదీసి, విద్యార్థి ప్రతి వారం రెండు నిమిషాలు వాయించి పంపాలని, మీరు విని జవాబు చెబుతారని నియమం పెట్టండి. ఎంతమంది వాయిద్యం మీరు ఓపికగా వినగలరో అంతమందినే చేర్చుకోండి. రుసుమును ఒక్కసారిగా కాక నెలవారీగా తీసుకోండి. ఎవరైనా మానేస్తే ఆ నెలలోనే మీకు తెలుస్తుంది. కమాను కదలికను చూపే పాఠాలను మాత్రం మళ్లీ చిత్రించక తప్పదేమో, ఎందుకంటే ఎదురుగా పెట్టిన కెమెరాలో కనబడేది విద్యార్థి తన వయొలిన్‌ను చూసుకునే కోణం కాదు.

విదేశాల్లోని విద్యార్థులకు ప్రత్యక్ష తరగతులు పెట్టదలిస్తే, వేసవిలో అమెరికాలోని డాలస్‌లో రాత్రి 8 గంటలైనప్పుడు మీకు మరునాటి ఉదయం 6.30 అవుతుంది, సాధకులకు అది మంచి వేళే. జూమ్ వంటి యాప్‌లు మాటను స్పష్టంగా వినిపించడం కోసం, నిలకడగా మోగే ధ్వనిని రొదగా భావించి అణచివేస్తాయి. శ్రుతిపెట్టె నాదం, కమాను దీర్ఘంగా లాగిన స్వరం ముందుగా దానికే బలవుతాయి. జూమ్‌లో ‘ఒరిజినల్ సౌండ్ ఫర్ మ్యుజీషియన్స్’ అనే సదుపాయాన్ని మీ వైపునా, విద్యార్థి వైపునా ఆన్ చేయాలి. ధ్వని ఆలస్యంగా చేరుతుంది కనుక ఇద్దరూ కలిసి వాయించడం కుదరదు. మీరు వాయించి ఆపాక విద్యార్థి వాయించాలి.

1919లో ఆదిభట్ల నారాయణదాసు గారు అధ్యక్షులుగా మొదలైన సంగీత కళాశాల వల్ల, అందులో వయొలిన్ నేర్పిన ద్వారం వేంకటస్వామి నాయుడు గారి వల్ల మీ ఊరి పేరుకు సంగీత లోకంలో విలువ ఉంది. ఆ పేరు చూసి తల్లిదండ్రులు పిల్లలను చేర్పించవచ్చు గాని, మూడో నెల వరకు వారిని నిలపవలసింది మీ దిద్దుబాటే. డబ్బు వెనక్కి అడిగిన ఇద్దరికీ వాదన లేకుండా ఇచ్చేయండి, ఇకపై వాపసు గడువును ముందే రాసిపెట్టండి. గీతాల తర్వాతి మెట్టైన వర్ణాల కోర్సు తలపెడితే అంతా ముందే చిత్రించకుండా, కొద్దిమంది వద్ద ముందుగా రుసుము తీసుకొని ప్రత్యక్షంగా నేర్పుతూ ఆ పాఠాలనే రికార్డు చేసుకోండి.

ప్రశ్న: శ్రీకాకుళంలో పోటీ పరీక్షలకు లెక్కలు చెబుతాను. ఆన్‌లైన్ పాఠాలు మొదలుపెట్టే ముందే జీఎస్టీ నమోదు, సొంత యాప్ ఉండాలా? – ఒక పాఠకుడు

జవాబు: మొదటి బ్యాచ్‌కు రెండూ అక్కర్లేదు. సేవలు అందించేవారికి మన రాష్ట్రంలో ఏడాది రాబడి 20 లక్షల రూపాయలు దాటే వరకు జీఎస్టీ నమోదు తప్పనిసరి కాదు. ఇతర రాష్ట్రాల విద్యార్థులు చేరినా సేవల విషయంలో ఈ మినహాయింపు వర్తిస్తుంది. యాప్ చేయిస్తే తయారీ ఖర్చుతో పాటు, అందులో అమ్మే పాఠాలపై యాప్ స్టోరు వాటా కూడా పోతుంది. యూపీఐ చెల్లింపులపై 2020 జనవరి నుంచి వ్యాపారి రుసుము లేదు కనుక, ఒక క్యూఆర్ కోడ్, ఒక వాట్సాప్ గ్రూపు ఉంటే మొదటి బ్యాచ్ నడిచిపోతుంది. వసూళ్ల లెక్క మాత్రం మొదటి రోజు నుంచే విడి బ్యాంకు ఖాతాలో ఉంచండి.