ఈకోనా, ఎంజీబీయా: తమ్ముని కొడుక్కి ఒక ఉత్తరం

హనుమకొండ

చిరంజీవికి పెద్దబాపు ఆశీస్సులు.

హైదరాబాద్‌లో ఒకాయన అమ్మకానికి పెట్టిన 1972 నాటి ఎర్ర ఎంజీబీని, ఆ రెండు సీట్ల బ్రిటిష్ స్పోర్ట్స్ కారుని, చూసినప్పటి నుండి నీకు నిద్ర పట్టడం లేదనీ, మీ అమ్మ మాత్రం క్యాటరింగ్ పనికి మారుతీ ఈకో చాలునంటున్నదనీ రాశావు. నలభై ఏళ్లు బండ్ల కింద పడుకుని బతికినవాడిని కనుక, తోచినది దాచకుండా చెబుతున్నాను.

కాగితం మీద చూస్తే ఈ రెండూ నీవనుకున్నంత దూరపు చుట్టాలు కావు. 1962 నుండి 1980 వరకు ఇంగ్లండులో తయారైన ఎంజీబీకి 1798 సీసీ ఇంజన్, సుమారు 95 అశ్వశక్తి. నేటి పెట్రోలు ఈకోకు 1197 సీసీ, సుమారు 80 అశ్వశక్తి. రెండింటిలోనూ వెనుక చక్రాలే బండిని తోస్తాయి, బరువులో కూడా పెద్ద తేడా లేదు. అసలు తేడా కూర్చునే చోటులో ఉంది. ఎంజీబీలో నేలకు ఆనుకున్నట్టుగా, పొడవాటి బానెట్ వెనుక కూర్చుంటావు కనుక, ములుగు రోడ్డు మీద అరవైలో పోతున్నా తొంభైలో పోతున్నట్టుంటుంది. ఈకోలో ఇంజన్ ముందు సీట్ల కిందే ఉంటుంది. ఎత్తు మీద నుండి దారంతా కనబడుతుంది గానీ, గంగాళాలు నింపుకుని మలుపు తిరిగితే బండి ఒరుగుతుంది. మన ఊళ్ల స్పీడ్ బ్రేకర్ల మీద మాత్రం ఎంజీబీ కడుపు గీసుకోక తప్పదు.

ఈకో తాళం తిప్పితే కదులుతుంది. ఎంజీబీలో పెట్రోలును గాలితో కలిపి ఇంజన్‌కు అందించే ఎస్‌యూ రకం కార్బురేటర్లు రెండున్నాయి. అవి సమానంగా గాలి పీల్చాలి, వాటి పైనుండే డ్యాష్‌పాట్‌లనే చిన్న గిన్నెలలో నూనె తగ్గకూడదు. రబ్బరు గొట్టం ఒక కొస చెవిలో, మరో కొస కార్బురేటర్ మూతి దగ్గర పెట్టి రెండింటి శబ్దం కలిపే ఓపిక నీకుండాలి. నాకైతే అది పనిలా అనిపించదు, కానీ తెల్లవారుజామున పెళ్లి వంటకు బయలుదేరేవాడికి అంత తీరిక ఎక్కడిది?

ఇంకొక మాట. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం, యాభై ఏళ్లు దాటిన బండిని వింటేజ్‌గా నమోదు చేయిస్తే నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. దానిని ప్రదర్శనకో, ర్యాలీకో, మరమ్మతుకో, పెట్రోలుకో తప్ప రోజూ రోడ్డు మీద తిప్పకూడదు, దానితో వ్యాపారం చేయకూడదు. కాబట్టి ముందు ఆ కారు వింటేజ్‌గా నమోదైందో, మామూలు కారుగా నమోదైందో ఆర్సీ చూడు.

అందుచేత సంపాదనకు ఈకోనే కొను, ఆ మాటలో మీ అమ్మదే ఒప్పు. ఎంజీబీ మీద మోజు తీరకపోతే, ఈకో వాయిదాలు తీరిన తరువాత దానిని రెండో బండిగా చూసుకో, కానీ రంగు చూసి మోసపోవద్దు. దానికి విడిగా ఛాసిస్, అంటే అడుగు చట్రం, ఉండదు. తలుపుల కింద పొడుగునా ఉండే ఇనుప పట్టీలు, సిల్సే, పైకప్పులేని ఆ బాడీ బలాన్ని మోస్తాయి, తుప్పు ముందుగా పట్టే చోట్లలో అదీ ఒకటి. అయస్కాంతం ఆనించు, అంటుకోని చోట పుట్టీ నింపారన్నమాట. తలుపు మూసి, దాని చుట్టూ ఉన్న సందు పైనా కిందా ఒకే వెడల్పుగా ఉందో లేదో చూడు. తరువాత పక్క నుండి జాకీతో లేపి, అదే తలుపును తెరిచి మూయి. బిగుసుకుంటే సిల్స్ బలం పోయి బాడీ వంగుతున్నదన్నమాట, బేరం ఆపేసి లేచిరా. ఎంత తగ్గించినా వద్దు.

వచ్చే ఆదివారం బయలుదేరుదాం. జాకీ, అయస్కాంతం నేను తెస్తాను, అడ్వాన్సు డబ్బు మాత్రం నీవు ఇంట్లో పెట్టిరా.

మీ పెద్దబాపు