జిరాఫీని లారీలో ఎలా తీసుకెళ్తారు? మత్తు ఇచ్చి పడుకోబెడతారా?

పడుకోబెట్టరు. నిలబెట్టే తీసుకెళ్తారు, అదీ పూర్తి మెలకువలో ఉండగానే. నేను ఒక జూలో పదకొండేళ్లు కీపర్‌గా పనిచేశాను. మూడు జిరాఫీలను వేరే జూలకు పంపినప్పుడు దగ్గరుండి చూసుకున్నాను కాబట్టి చెబుతున్నాను.

ముందు మత్తు సంగతి. జిరాఫీకి మత్తు ఇవ్వాలంటే అనుభవం ఉన్న డాక్టర్లకు కూడా టెన్షనే. అంత ఎత్తున ఉన్న తలకు రక్తం ఎక్కాలి కదా, అందుకే దాని బీపీ మన బీపీకి దాదాపు రెట్టింపు ఉంటుంది. మత్తులో అది అటూ ఇటూ అయితే సరిచేయడం కష్టం. పైగా నెమరువేసే జంతువు. స్పృహ లేనప్పుడు తల కిందికి వాలితే పొట్టలోది గొంతులోకి వచ్చి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. నిలుచున్న చోట కూలబడితే మెడకో కాలికో దెబ్బ తగిలే ప్రమాదం ఉండనే ఉంది. ఆఫ్రికాలో అడవి జిరాఫీలను పట్టేటప్పుడు మందు సూది వేస్తారు. కానీ అది పడిపోగానే వెంటనే విరుగుడు ఇచ్చేస్తారు. కళ్లకు గంతలు కట్టి, తాళ్లతో దారి చూపిస్తూ దాని కాళ్ల మీదే ట్రైలర్‌లోకి నడిపిస్తారు. జూలో మాకు టైం ఉంటుంది కాబట్టి ఆ అవసరం రాదు.

ఇక ఎత్తు. ఎదిగిన మగది 5.5 మీటర్ల దాకా ఉంటుంది. దాన్ని బండి ఎక్కించాక చాలా వంతెనల కింద పట్టదు. అందుకే వీలైనంత వరకు చిన్న వయసులోనే, పాలు మానేసి ఇంకా పూర్తిగా ఎదగనప్పుడే పంపిస్తారు. పుట్టిన రోజే ఆరడుగులుండే జంతువు, ఆలస్యం చేస్తే చేయి దాటిపోతుంది. బండి కూడా మామూలు లారీ కాదు, నేలకు బాగా దగ్గరగా ఉండే లో-బెడ్ ట్రైలర్. దాని మీద పొడవాటి పెట్టె. లోపల గోడలకు మెత్తలు, కింద కాలు జారని నేల, పైన టార్పాలిన్ కప్పు. పెట్టె మరీ ఇరుకుగా ఉందని చూసినవాళ్లు బాధపడతారు. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. వెడల్పుగా ఉంటే అది వెనక్కి తిరగాలని చూస్తుంది, సగం తిరిగాక ఇరుక్కుంటుంది. కదలడానికి కాస్త చోటుండాలి, తిరగడానికి మాత్రం ఉండకూడదు.

తల బయటికి పెట్టి దర్జాగా వెళ్తున్న జిరాఫీల ఫోటోలు చూసి ముచ్చటపడకండి. 2014లో దక్షిణాఫ్రికాలో కప్పు లేని బండిలో తీసుకెళ్తున్న ఒక జిరాఫీ తల హైవే మీద వంతెనకు తగిలి చనిపోయింది. ఆ వార్త చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మేం బయల్దేరడానికి ముందే దారి మొత్తం తిరిగి ప్రతి వంతెన, ప్రతి కరెంటు తీగ ఎత్తు కొలిచి రాసుకున్నాం. ప్రయాణం రోజు ముందు వెళ్లే జీపుకు పెట్టెకన్నా ఒక జానెడు ఎత్తుగా కర్ర కట్టాం. ఆ కర్ర దేనికైనా తగిలిందంటే వెనక బండి ఆగిపోవాలి.

నిజానికి రవాణాలో అసలు పని రోడ్డు మీద కాదు, అంతకు ముందు వారాల్లో జరుగుతుంది. పెట్టెను తెచ్చి ఎన్‌క్లోజర్ తలుపుకు ఆనించి వదిలేస్తాం. లోపల లేత కొమ్మలు కడతాం. మా రెండో జిరాఫీ మొదటి వారమంతా కాళ్లు బయటే ఉంచి, మెడ మాత్రం చాచి, నల్లటి నాలుకతో ఆకులు దూసుకుని వెళ్లిపోయేది. మూడో వారానికి ముందు కాళ్లు రెండూ లోపల పెట్టింది. సరిగ్గా అప్పుడే మాలో ఒకరి చేతిలోంచి వెనక తలుపు జారి దభీమని పడింది. ఆ చప్పుడుకు అది పన్నెండు రోజులు పెట్టె వైపు చూడలేదు. మళ్లీ మొదటికొచ్చాం. తేదీ వాయిదా వేయమని నేను గట్టిగా పట్టుబట్టాను, వేశారు. ఏడో వారంలో తనంతట తనే లోపలికి వెళ్లి, తలుపు మూసినా ఆకులు తింటూ నిలబడింది. తరలించడానికి అప్పుడే సిద్ధమైనట్టు.

దారిలో నేను ఒక్కటే గమనించేవాణ్ణి: మెడ. జిరాఫీ నెమరు వేస్తుంటే పొట్టలోంచి ముద్ద ఒకటి మెడ వెంట పైకి పాకడం చర్మం మీదుగా స్పష్టంగా కనిపిస్తుంది. బెదిరిన జంతువు నెమరు వేయదు. బయల్దేరిన గంటన్నరకు ఆ ఉండ పైకి వెళ్లడం చూశాక గానీ నేను మంచినీళ్లు తాగలేదు. పడుకోలేదే అని కంగారు పడనక్కర్లేదు, అవి నిలబడే కునుకు తీయగలవు.

విమానంలో అయితే పిల్లలే వెళ్లగలవు. బోయింగ్ 747 సరుకు విమానం పక్క తలుపు ఎత్తే సుమారు మూడు మీటర్లు. ఓడ ప్రయాణాలు మాత్రం పాతవే. 1826లో ఈజిప్టు పాలకుడు ఫ్రాన్స్ రాజుకు కానుకగా పంపిన జిరాఫీ కోసం ఓడ డెక్‌కు కన్నం కోశారు, మెడ పైకి పెట్టుకోవడానికి. మార్సేయి నుంచి పారిస్‌కు దాన్ని 41 రోజులు నడిపించుకునే వెళ్లారు. కెన్యాలో బరింగో సరస్సు నీళ్లు పెరిగి దీవి మీద చిక్కుకున్న జిరాఫీలను 2020 చివరి నుంచి 2021 ఏప్రిల్ దాకా ఇనుప బల్లకట్టు మీద ఒడ్డుకు చేర్చారు. అక్కడ కూడా ముందుగా మేత పెట్టి బల్లకట్టు ఎక్కడం అలవాటు చేశారు.

చేరాక తలుపు తీసి పక్కకు తప్పుకోవాలి, తోయకూడదు. మాది బయటికి రావడానికి నాలుగు గంటలు పట్టింది. ముందు తల, తర్వాత ఒక కాలు, మళ్లీ వెనక్కి. ఎవరం తొందరపెట్టలేదు.