ఫైబర్‌లో కరెంట్ పారదు కదా, మరి ఫైబర్ విమానానికి పిడుగు భయం ఉంటుందా?

తమ్ముడూ, చంద్రపూర్‌లో మీవాళ్లంతా కలిసి రెండు సీట్ల ఫైబర్ విమానం కొంటున్నారనీ, "ఫైబర్‌లో కరెంట్ పారదు, పిడుగు దాని జోలికి రాదు" అని ఎవరో చెప్పారనీ రాశావు. మొదటి మాట గ్లాస్ ఫైబర్ వరకు నిజమే, రెండోది మాత్రం శుద్ధ తప్పు.

అల్యూమినియం విమానం మీద పిడుగు పడితే కరెంట్ పైరేకు మీదుగా పారి ఇంకో కొస నుంచి పోతుంది, చాలాసార్లు కాలిన మచ్చలు, చిన్న బొక్కలతో సరిపోతుంది. గ్లాస్ ఫైబర్‌కి ఆ దారి లేదు. అందుకని కరెంట్ లోపల ఏ లోహం దొరికితే దాన్ని పట్టుకుంటుంది, కంట్రోల్ రాడ్లు కావచ్చు, వైర్లు కావచ్చు, రెక్కలో మూసి ఉన్న గాలి ఒక్కసారిగా వేడెక్కి పేలుతుంది కూడా. 1999 ఏప్రిల్‌లో ఇంగ్లండ్‌లో డన్‌స్టబుల్ దగ్గర గ్లాస్ ఫైబర్‌తో చేసిన ఒక ఏఎస్‌కే 21 గ్లైడర్ (ఇంజిన్ లేని విమానం) పిడుగు తగిలి గాల్లోనే ముక్కలైంది, పారాచూట్లు ఉండబట్టి ఇద్దరూ బతికారు. కార్బన్ ఫైబర్‌లో కరెంట్ పారుతుంది గానీ అల్యూమినియంలో పారినంత సులువుగా కాదు, వేడికి పొరలు విడిపోతాయి. సిర్రస్ కంపెనీ ఫైబర్ విమానాల లాంటివాటిలో పైపొరలో లోహపు జాలీ పెడతారు. చిన్న అల్ట్రాలైట్లలో సాధారణంగా అదేం ఉండదు, డబ్బులిచ్చే ముందే మాన్యువల్ అడిగి చూడండి.

నాది బల్లార్ష, విమానం నడపడం నేర్చుకున్నది డైమండ్ డీఏ40 అనే ఫైబర్ విమానం మీద. ఒక మే నెలలో నాగపూర్ వైపు నుంచి వస్తుంటే తాడోబా అడవి మీద మబ్బు లేస్తోంది, మేం బాగా దూరంగానే ఉన్నాం గానీ దారంతా దుమ్ము, మధ్యలో తుంపర. హెడ్‌సెట్‌లో ముందు సన్నగా సుయ్‌మంది, కాసేపటికి అవతలి మాట ఒక్కటీ వినబడనంత గోల. దుమ్మూ చినుకులూ రాసుకుని విమానానికి పట్టిన చార్జి అలా రేడియోని మింగేస్తుంది. నేర్పే సార్ వెంటనే పడమటికి తిప్పించారు, దిగాక చూస్తే రెక్క చివర సన్నటి పుల్లలా ఉండే స్టాటిక్ విక్ ఒకటి విరిగి ఉంది. ఆ విక్‌లు ఈ చార్జిని వదిలించడానికే, పిడుగును ఆపుతాయని అనుకునేవాళ్లు మన దగ్గర చాలామందే ఉన్నారు!

పెద్ద ఉరుముల మబ్బుకి కనీసం 20 నాటికల్ మైళ్లు, అంటే 37 కిలోమీటర్లు, ఎడంగా ఉండండి. బయల్దేరే ముందు పిడుగుల హెచ్చరికలిచ్చే దామిని యాప్ చూసుకోండి.

నన్నడిగితే మీకు రోజూ ఎదురయ్యేది ఇంధనం పోసేటప్పటి స్టాటిక్, అంటే రాపిడికి పోగయ్యే చార్జి, దాని నిప్పురవ్వ. ప్లాస్టిక్ డబ్బా, ప్లాస్టిక్ గరాటు, కింద ఫైబర్ ట్యాంక్, ఇక చార్జి పోయే దారేది? డబ్బాని బండి మీద ఉంచి నింపకండి, నేల మీదికి దించండి. లోహపు డబ్బా, లోహపు గరాటు వాడండి, మూత తీయకముందే డబ్బానీ విమానాన్నీ కలిపే బాండింగ్ వైరు తగిలించండి, అదీ ఫైబర్ మీద ఎక్కడపడితే అక్కడ కాదు, మాన్యువల్‌లో చూపించిన లోహపు చోటే. మెల్లగా పోయండి. చలికాలం పొడిగాలిలో నైలాన్ జాకెట్ వేసుకుని ఆ పని చేయొద్దు.

ఏ మోడల్ చూస్తున్నారో రాయి, జాలీ ఉందో లేదో దాన్ని బట్టి చెప్తా.