క్రూజ్‌కి 6 లక్షల లోన్ తీసుకోవచ్చా?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు రాశారు. ఆవిడ, భర్త ఇద్దరూ ఉద్యోగులే. పిల్లలకి 14, 9 ఏళ్ళు, అత్తగారికి 68. వచ్చే మే నెలలో అయిదుగురూ కలిసి బార్సిలోనాలో ఎక్కి మార్సెయ్, జెనోవా, లివోర్నో, రోమ్, నేపుల్స్ చూసే ఏడు రాత్రుల క్రూజ్‌కి వెళ్ళాలనుకుంటున్నారు. విమానాలతో కలిపి 9 లక్షలని ఏజెంట్ చెప్పాడట. చేతిలో 4 లక్షలున్నాయి, మిగతాదానికీ, పై ఖర్చులకీ కలిపి 6 లక్షల పర్సనల్ లోన్ 14 శాతానికి ఇస్తామని బ్యాంకు ఫోన్ చేసింది. "అత్తయ్యకి మోకాళ్ళ నొప్పులు, ఇంకో ఏడాది ఆగితే నడవగలరో లేదో, లోన్ తీసుకోవచ్చా? ప్రతి ఊళ్ళోనూ ఓడవాళ్ళ టూర్లు కొనాలా?" అని ప్రశ్న.

ముందు లోన్ సంగతి. మూడేళ్ళకి తీసుకుంటే ఈఎంఐ 20,500 పడుతుంది, మొత్తం కట్టేది 7 లక్షల 38 వేలు. ఏడు రాత్రుల కోసం 36 నెలలు కడతారు, అందులో 1 లక్షా 38 వేలు వట్టి వడ్డీ. నేను వద్దనే చెబుతాను.

పైగా ఆ 9 లక్షలతో ఖర్చు ఆగదు. లెక్క సులువుగా ఉండటానికి యూరో వంద రూపాయలనుకుందాం, మీరు కట్టేనాటికి ఇంకా ఎక్కువే ఉండొచ్చు. షెంగెన్ వీసా (యూరప్‌లోని చాలా దేశాలకి కలిపి ఇచ్చే ఒకే వీసా) ఫీజు పెద్దవాళ్ళకి 90 యూరోలు, మీ 14 ఏళ్ళ పిల్లకీ అంతే, తొమ్మిదేళ్ళ వాడికి 45, మొత్తం 405 యూరోలు, అంటే 40 వేల పైన, అప్లికేషన్ సెంటర్ చార్జీలు వేరే. ఓడలో టిప్స్ అని రోజువారీ మొత్తం మీ ఖాతాలో వాళ్ళే వేస్తారు, తలకి రోజుకి 12 యూరోల చొప్పున వేసుకున్నా వారానికి 42 వేలు. వైఫై, కూల్‌డ్రింకులు, చిన్నా చితకా షాపింగ్‌కి 30 వేలు, ఊళ్ళు చూడటానికి లక్ష. ఇవన్నీ కలిపితే 11 లక్షలు దాటింది. ఇంకొకటి, విదేశీ ప్యాకేజీ మీద ఏజెంట్ టీసీఎస్ (ప్రభుత్వం తరఫున ముందే తీసుకునే ఆదాయపు పన్ను) వసూలు చేస్తాడు. ఈ మధ్య బడ్జెట్లలో ఆ రేటు మారుతూ వస్తోంది కాబట్టి మీరు కట్టే రోజు ఎంతో, 9 లక్షల్లో కలిసి ఉందో లేదో అడగండి. అది పోయే డబ్బు కాదు, పాన్ మీద జమవుతుంది, రిటర్న్‌లో తిరిగొస్తుంది, 2024 అక్టోబర్ నుంచి ఆఫీసులో చెబితే జీతంలో కోసే టీడీఎస్‌లోనే సర్దుతారు కూడా. అందుకని మీ ఇద్దరిలో ఎక్కువ టీడీఎస్ పడేవాళ్ళ పాన్ మీదే కట్టండి.

టూర్ల విషయానికి వస్తే, అన్ని ఊళ్ళలోనూ కొనొద్దు. ఓడ రోమ్‌లో ఆగదు, చివిటవెక్కియా అనే రేవులో ఆగుతుంది, అక్కణ్ణుంచి రోమ్ 70 కిలోమీటర్ల పైనే. ఓడవాళ్ళ బస్సు టూర్ తలకి 80 యూరోలనుకుంటే మీ అయిదుగురికి 40 వేలు. అదే రీజనల్ రైలు టికెట్ ఒకవైపు అయిదు యూరోల చుట్టుపక్కల, రానూపోనూ అందరికీ కలిపి అయిదు వేలు. ఆ రైలు రోమా సాన్ పియెట్రో స్టేషన్లో ఆగుతుంది, సెయింట్ పీటర్స్ చర్చి అక్కడికి దగ్గరే, లోపలికి టికెట్ లేదు. కొలోసియం చూడాలంటే టికెట్ ముందే ఆన్‌లైన్లో తీసుకోండి, 18 లోపు పిల్లలకి ఉచితం, నేపుల్స్ దగ్గరున్న పాంపే శిథిలాల్లోనూ అంతే. కానీ ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి: ఓడవాళ్ళ టూర్ ఆలస్యమైతే ఓడ ఆగుతుంది, మీ రైలు ఆలస్యమైతే ఆగదు, తర్వాతి రేవుకి మీ ఖర్చుతో మీరే చేరాలి. ఓడ ఎక్కాల్సిన టైముకి కనీసం మూడు గంటల ముందు రోమ్‌లో రైలెక్కే ధైర్యం, ఓపిక మీకుంటేనే సొంతంగా వెళ్ళండి. అత్తగారితో ఆ టెన్షన్ పడలేమనుకుంటే ఈ ఒక్కచోట టూర్ కొనుక్కోండి, ఆ 40 వేలకి అర్థముంది.

మిగతా చోట్ల అవసరం లేదు. జెనోవాలో, నేపుల్స్‌లో ఓడ దిగితే ఊరే. లివోర్నో నుంచి ఫ్లోరెన్స్ వెళ్ళిరావడం ఆ కొద్ది గంటల్లో పరుగే అవుతుంది, సోమవారమైతే అక్కడి ఉఫీజీ మ్యూజియం మూసి ఉంటుంది కూడా. వాలిన గోపురమున్న పీసా అయితే దగ్గరే, రైల్లో పావుగంట ఇరవై నిమిషాలు, అది చాలు. పాంపే రోడ్లు పెద్ద పెద్ద రాళ్ళ ఎగుడుదిగుళ్ళు, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళని అక్కడ నడిపించొద్దు. మీవారు పిల్లల్ని తీసుకుని పాంపే వెళ్తే, మీరిద్దరూ రేవుకి ఎదురుగా ఉన్న కోట చూసి ఓడలో భోజనానికి వచ్చేయొచ్చు, ఆ భోజనానికి డబ్బు ఎలాగూ కట్టేశారు.

ఇక ఎప్పుడు వెళ్ళాలి అన్నది. నా మాట, ఆ పై ఏడాది మే. ఈఎంఐ కట్టగలమనుకున్న ఆ 20,500 ఈ నెల నుంచే ఆర్‌డీలో వేయండి, 19 నెలల్లో వడ్డీతో 4 లక్షల 10 వేలు అవుతుంది. ఉన్న 4 లక్షలు ఎఫ్‌డీలో 4 లక్షల 40 వేల దగ్గరికి వస్తాయి. (రెండింటికీ 6.5 శాతం వడ్డీ వేసుకున్నాను.) ఏటా మార్చిలో వస్తుందన్న లక్షన్నర బోనస్ రెండుసార్లు కలిపితే 11 లక్షల 50 వేలు. అప్పు లేకుండా అయిపోతుంది. నెల మాత్రం మార్చొద్దు. అక్కడ జూలై, ఆగస్టుల్లో ఎండా, జనమూ, రేట్లూ అన్నీ ఎక్కువే, మన పిల్లల ఎండాకాలం సెలవులు దానికి ముందే రావడం మనకి నిజంగా కలిసొచ్చే విషయం.

కానీ అత్తగారి మోకాళ్ళ మాట చదివాక, ఆగండి అని ఊరికే రాసేయడానికి మనసొప్పలేదు. ఆవిడ మీతో నడిచి చూడటమే కదా ఈ ప్రయాణానికి అసలు కారణం. అందుకని ముందు ఎముకల డాక్టర్‌ని ఈ ఒక్క ప్రశ్న అడగండి: ఏడాది ఆగితే ఫరవాలేదా? ఫరవాలేదంటే ఆగండి. ఆగొద్దంటే వచ్చే మేలోనే వెళ్ళండి, కానీ వేరే లెక్కతో. బాల్కనీ వదిలేసి కిటికీ లేని లోపలి క్యాబిన్లు తీసుకోండి, ఒకే క్యాబిన్‌లో మూడో బెర్తుకి రేటు సాధారణంగా తక్కువ, మీకు ఎలాగూ రెండు క్యాబిన్లు కావాలి. ఏడు నెలల పొదుపు, ఒక బోనస్ కలిస్తే, వడ్డీ కలపకపోయినా మీ దగ్గర 6 లక్షల 90 వేలుంటాయి. దానిమీద లక్షన్నర దాటకుండా బంగారం మీద తీసుకోండి, పర్సనల్ లోన్ కంటే వడ్డీ తక్కువ, అదే 20,500 చొప్పున ఎనిమిది నెలల్లో తీరిపోతుంది. ఆ మొత్తంలో కుదరకపోతే నాలుగు రాత్రుల క్రూజ్ చూడండి తప్ప అప్పు పెంచొద్దు.

ఇన్సూరెన్స్ మీద పొదుపు చేయొద్దు. వీసాకి 30,000 యూరోల కవర్ తప్పనిసరి, కానీ అత్తగారికి ఉన్న జబ్బులన్నీ ఫారంలో రాయండి, పాలసీలో క్రూజ్ కవర్ ఉందో చూడండి, ఓడలో డాక్టర్‌కి చూపించుకున్నా బిల్లు వేస్తారు. దుకాణంలో కార్డు గీకినప్పుడు రూపాయల్లోనా యూరోల్లోనా అని అడిగితే యూరోలే అనండి, రూపాయలంటే మారకం రేటులో నష్టపోతారు.

అడ్వాన్స్ కట్టకముందు, 9 లక్షల్లో ఏమేం ఉన్నాయో ఏజెంట్ దగ్గర రాయించుకోండి. డాక్టర్ ఏమన్నారో తెలిశాక ఆ కాగితంతో పాటు నాకు రాయండి, రేవుల వారీగా మళ్ళీ లెక్క వేసి చెబుతాను.