ఫ్లష్ ట్యాంక్ మూత తీసి చూశాక రాయి

తమ్ముడూ,

నీ వ్యాసం రెండుసార్లు చదివాను. టాయిలెట్ ట్యాంక్ కడగడం గురించి రాయడానికి నువ్వు మొహమాటపడలేదు, అది నాకు బాగా నచ్చింది. కానీ వెనిగర్, వంటసోడా కలిపి పోస్తే ఆ నురగ మురికినంతా తినేస్తుందని రాశావే, అక్కడ ఆగిపోయాను. చేసి చూడలేదు కదా? ఒకటి ఆమ్లం, ఇంకొకటి క్షారం, రెండూ కలిస్తే ఒకదాని బలాన్ని ఇంకొకటి తీసేసుకుంటాయి, బుసబుసా పొంగడం అయిపోయాక మిగిలేది ఒక రకం ఉప్పు కలిసిన నీళ్లే.

మా ఇంట్లో బోరు నీళ్లు. ట్యాంక్ లోపల తెల్లగా గార కడుతుంది, అది సున్నం జాతి, దానికి పులుపే మందు. వెనిగర్ లేకపోతే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు వేడినీళ్లలో కరిగించి పోస్తాను. ముందు ట్యాంక్ కింద కుళాయి కట్టెయ్యాలి, తర్వాత ఫ్లష్ నొక్కి నీళ్లు ఖాళీ చెయ్యాలి. మొదటిసారి నేను కుళాయి కట్టడం మర్చిపోతే ట్యాంక్ మళ్లీ నిండి పులుపంతా పల్చబడిపోయింది, గార అలాగే ఉండిపోయింది. ఇలాంటిది నీ వ్యాసంలో ఒక్కటీ లేదు. రెండు మూడు గంటలు నానాక పాత టూత్‌బ్రష్‌తో రుద్దితే చాలు, రబ్బరు వాషర్ ఉంటుంది కాబట్టి రోజుల తరబడి వదిలెయ్యకూడదు. వంటసోడా విడిగా, ట్యాంక్ మూత రుద్దుకోడానికి పనికొస్తుంది.

ఇంకోటి, ఇది చాలా ముఖ్యం. బ్లీచింగ్ పౌడర్ వేసిన ట్యాంక్‌లో వెనిగర్ గానీ నిమ్మ ఉప్పు గానీ పోస్తే క్లోరిన్ వాయువు వస్తుంది, చిన్న బాత్‌రూమ్‌లో ఊపిరి ఆడదు. నువ్వు ఈ మాటే రాయలేదు. మొదటి పేరాలోనే పెట్టు, చదివేవాళ్లు చివరిదాకా వస్తారన్న నమ్మకం లేదు.

'శౌచాలయ జలపాత్ర' ఎందుకు రాశావు? మీ ఇంట్లో ఎవరైనా అలా అంటారా? మనుషులు మాట్లాడే తెలుగులోనే రాయాలని పట్టుబట్టిన గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పింది మన పర్లాకిమిడిలోనే. 1936లో ఊరు ఒడిశాలో కలిసినా మన ఇళ్లలో ఆ తెలుగు పోలేదు. ఫ్లష్ ట్యాంక్ అని రాయి, గార అని రాయి, మీ అమ్మకి చదివి వినిపించు, ఆవిడ ఎక్కడ 'ఏంటదీ?' అంటే అక్కడ మార్చు.

ఆదివారం మీ ట్యాంక్ మూత తియ్యి. లోపల ఏ రంగు ఉందో, ఏ వాసన వచ్చిందో, ఎంతసేపు రుద్దావో రాసి పంపు.

మీ అన్నయ్య